సాయంత్రం నిండుగా తిరిగొచ్చే నీళ్ల బాటిల్

(విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో, జులై నెల ఒక శనివారం, పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, నాన్నలకు, మనవలను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన నాయనమ్మలకు, తాతయ్యలకు, ఉపాధ్యాయులకు నమస్కారం. ఇంత వానలోనూ వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ఈ రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి.

బడులు తెరిచాక పిల్లలు జబ్బు పడకుండా ఏం చేయాలో నాలుగు మాటలు చెప్పమని ప్రధానోపాధ్యాయురాలు గారు అడిగారు. ఇరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లోనే పిల్లలకు వైద్యం చేస్తున్నాను. జూన్ రెండో వారంలో బడి గంట మోగుతుంది, నెలాఖరుకల్లా నా గది ముందు బెంచీలు నిండిపోతాయి. జ్వరాలు, జలుబులు, కడుపునొప్పులు. ఏటా ఇదే వరస. ఇన్నేళ్లు మందుల చీటీలు రాశాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒక్కటే. వాటిలో చాలా జబ్బులకు మూలం పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా మన ఇళ్లలో జరిగే హడావుడిలో ఉంది. ఆ గంటలో పిల్ల ఏం తిన్నది, ఏం తాగింది, దొడ్డికి వెళ్లిందా లేదా అన్నది తేలిపోతుంది. మిగతా రోజంతా దాని ఫలితమే.

మీకు ఒక పని చెబుతాను. సోమవారం సాయంత్రం మీ పిల్ల బడి నుంచి రాగానే, డైరీ చూసే ముందు, హోంవర్కు అడిగే ముందు, సంచి పక్క జేబులో ఉన్న నీళ్ల బాటిల్ తీసి బరువు చూడండి.

ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఏడాది ఏడో తరగతి చదివే ఒక అమ్మాయిని వాళ్లమ్మ నా దగ్గరకు తీసుకొచ్చింది. మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, వణుకుతో జ్వరం. బడి తెరిచాక అలా రావడం అది రెండోసారి. తల్లి పరీక్షల కాగితాలన్నీ ఫైలులో తేదీల వారీగా పెట్టుకుని వచ్చింది. పాపను నేరుగా బడి నుంచే తెచ్చింది, యూనిఫాం కూడా మార్చలేదు. సంచి కుర్చీకి తగిలించి ఉంది. పక్క జేబులో నీలం రంగు స్టీలు బాటిల్. ఊరికే చేతిలోకి తీసుకున్నాను, బరువుగా తగిలింది. మూత తిప్పి చూస్తే నీళ్లు అంచు దాకా ఉన్నాయి. పొద్దున్న ఆరున్నరకు తల్లి నింపిన నీళ్లు అవి. గోడ గడియారంలో అప్పుడు సాయంత్రం అయిదున్నర. పదకొండు గంటలు గడిచాయి, ఒక్క గుక్క తగ్గలేదు.

"ఎందుకు తాగలేదమ్మా" అంటే తల వంచుకుంది. తల్లిని కాసేపు బయట కూర్చోమన్నాను. అప్పుడు చెప్పింది: "బాత్రూము తలుపుకు గడియ లేదు డాక్టరమ్మా. ఒకళ్లు వెళితే ఇంకొకళ్లు బయట తలుపు పట్టుకోవాలి. నాతో ఎవరూ రారు. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుంది కదా, అందుకే తాగను."

పన్నెండేళ్ల పిల్ల తనకు తానే కనిపెట్టుకున్న ఉపాయం అది. ఇంట్లో చెప్పుకోలేదు, బడిలో చెప్పుకోలేదు. నేను మందులు రాశాను, రాయక తప్పదు. కానీ ఆ పిల్లకు నిజంగా కావలసింది ఇనుప సామాన్ల కొట్టులో దొరికే ఒక గడియ, నాలుగు మేకులు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆ పాప బడి పేరు చెప్పను. అలాంటి తలుపులు ఉన్న బడి అదొక్కటే కాదని మాత్రం చెప్పగలను.

కాస్త లెక్క చూద్దాం. పిల్లల మూత్రాశయం ఎంత పట్టగలదో అంచనా కట్టడానికి మా వైద్యులు ఒక చిన్న సూత్రం వాడతారు. వయసుకు రెండు కలిపి, ముప్పైతో హెచ్చవేస్తే మిల్లీలీటర్లు వస్తాయి. ఎనిమిదేళ్ల పాపకు మూడు వందల మిల్లీలీటర్లు. అంటే గ్లాసున్నర. పొద్దున్న ఏడుకు బస్సెక్కి సాయంత్రం నాలుగున్నరకు దిగే పిల్ల, మధ్యలో ఒక్కసారీ వెళ్లకుండా ఉండాలంటే నీళ్లు మానేయడం తప్ప దారి లేదు. నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిది, క్రిములకు దారి దగ్గర. ఆపుకుని ఆపుకుని అలవాటైతే, తర్వాత వెళ్లినప్పుడు కూడా పూర్తిగా ఖాళీ చేయలేరు. కొందరికి నవ్వినా తుమ్మినా బట్టలు తడుస్తాయి, మరికొందరు రాత్రి పక్క తడుపుతారు. మనం కేకలేస్తాం. బడిలో ఆపుకున్న దానికి ఇంట్లో తిట్లు తింటారు, పాపం.

విశాఖ ఉక్క సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. సముద్రపు తేమకు చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. అయిదారేళ్ల పిల్లలకు రోజుకు లీటరుకు పైగా, పది పన్నెండేళ్ల వాళ్లకు లీటరున్నరకు పైగా నీళ్లు పడాలి. ఆటలాడే పిల్లలకు ఇంకా ఎక్కువ. ఇన్ని మిల్లీలీటర్లని కొలుచుకుంటూ కూర్చోవద్దు. మధ్యాహ్నం అన్నం గంటకు సగం బాటిల్ ఖాళీ కావాలి, ఇంటికి వచ్చేసరికి మొత్తం ఖాళీ కావాలి. మూత్రం పల్చటి నిమ్మరసం రంగులో ఉంటే సరిపోయినట్టు. నూనె రంగుకు తిరిగిందంటే తక్కువైనట్టు. ఈ రంగు చూసుకోవడం రెండో తరగతి పిల్లలకు కూడా నేర్పవచ్చు. సరదాగా నేర్చుకుంటారు, ఇంటికొచ్చి నాన్నకూ పరీక్ష పెడతారు.

ఇక్కడ ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టి ఒక మనవి. పాఠం మధ్యలో పిల్ల చెయ్యెత్తి బయటకు వెళతానంటే ఆపకండి. నిజంగా వెళ్లాల్సిన పిల్లలే ఎక్కువ. పాఠం తప్పించుకోవడానికి వెళ్లేవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండనీయండి. తల్లిదండ్రులకూ ఒక మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడిలోనూ ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా మరుగుదొడ్లు, తాగడానికి మంచినీళ్లు, ఆడుకోవడానికి స్థలం ఉండాలి. గడియ లేదని, నీళ్లు రావడం లేదని మీరు అడిగితే అది కొట్లాట కాదు. ఫీజు గురించి అడిగినంత ధైర్యంగా దీని గురించీ అడగండి.

ఇక కడుపునొప్పి. "పొద్దున్న బడికి వెళ్లే టైముకు సరిగ్గా కడుపునొప్పి అంటాడమ్మా, ఆదివారం రాదు, అన్నీ దొంగ వేషాలు" అని చెప్పే తల్లులు వారానికి ముగ్గురైనా వస్తారు. బొడ్డుకు ఎడమ పక్క కింద చెయ్యి వేసి నొక్కితే చాలామందికి గట్టి ఉండలు తగులుతాయి. మలబద్ధకం. మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి వెళ్లే పిల్లలు. వెళ్లినప్పుడు నొప్పి, ఆ భయంతో మళ్లీ బిగబట్టడం. బడిలో వెళ్లరు, ఇంట్లో టైము ఉండదు.

శరీరంలో ఒక ఏర్పాటు ఉంది. కడుపులో ఆహారం పడగానే కింద పేగు కదలడం మొదలవుతుంది. తిన్న ఇరవై ముప్పై నిమిషాల్లో దొడ్డికి వెళ్లాలనిపించేది అందుకే. సరిగ్గా ఆ సమయానికి మన పిల్ల ఆటోలో, ఒళ్లో ఇంకొకరి సంచి పెట్టుకుని, మద్దిలపాలెం కూడలిలో సిగ్నల్ దగ్గర ఉంటుంది. బిగబట్టుకుంటుంది. రోజూ అలా చేస్తే పేగు అడగడం మానేస్తుంది. దీనికి నేను చెప్పేది అరగంట. ఇప్పుడు లేపే టైము కంటే అరగంట ముందు లేపండి. గోరువెచ్చని నీళ్లు, టిఫిను. తర్వాత పది నిమిషాలు తొందర పెట్టకుండా దొడ్లో కూర్చోనివ్వండి. కుర్చీ లాంటి కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి. కాళ్లు గాలిలో వేలాడుతుంటే పిల్లలు ముక్కలేరు. చేతిలో ఫోను మాత్రం ఇవ్వకండి. రెండు మూడు వారాలు ఓపిక పడితే చాలామంది దారిలో పడతారు. పడకపోతే నా దగ్గరకో, మీకు దగ్గరలో ఉన్న వైద్యుల దగ్గరకో తీసుకురండి. మందులున్నాయి, భయపడాల్సిన పని లేదు.

అరగంట ముందు లేపాలంటే అరగంట ముందు పడుకోబెట్టాలి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

టిఫిను అన్నాను. ఈ ఊళ్లో చాలా ఇళ్లలో చూస్తున్న అలవాటు ఒకటి నాకు అసలు నచ్చడం లేదు. టీలో ముంచిన రస్కు. లేకపోతే టీ, నాలుగు బిస్కట్లు. "టిఫిను వద్దంటుందమ్మా, టీ అయితే తాగుతుంది" అంటారు. ఎనిమిదేళ్ల పిల్లకు టీ ఎందుకమ్మా? ఆకలి చంపుతుంది. అంతకంటే పెద్ద నష్టం, ఆహారంలో ఉన్న ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. మన రాష్ట్రంలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో నూటికి అరవై మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఇది ఎక్కడో మన్యంలోనే అనుకోకండి. మంచి బడుల్లో, మంచి ఇళ్లలో పిల్లలను నేను రోజూ చూస్తున్నాను.

ఎలా కనిపెట్టాలి? కింది కనురెప్పను వేలితో కొంచెం కిందికి లాగి లోపల చూడండి. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటే పరీక్ష చేయించాలి. మెట్లెక్కితే ఆయాసం, ఆటకు పిలిస్తే కూర్చుండిపోవడం, చదివింది తలకెక్కకపోవడం. ఇంకో గుర్తు, వంటింట్లో డబ్బాలోంచి పచ్చి బియ్యం తీసుకుని నములుతారు. చిన్నవాళ్లయితే బలపాలు, సుద్దముక్కలు తింటారు. దాన్ని చెడ్డ అలవాటని చెయ్యి మీద కొట్టకండి. చాలాసార్లు ఒంట్లో ఇనుము చాలక అలా చేస్తారు.

మన ఉత్తరాంధ్రలో ఒకప్పుడు పొద్దున్న ఏం తినేవాళ్లు? ఇక్కడున్న నాయనమ్మలను అడగండి. చోడి అంబలి. బయట రాగులంటారు, మనకు చోళ్లు. వంద గ్రాముల చోళ్లలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, అంతే బరువు పాలల్లో ఉన్నదానికి రెండింతలు దాటి. 2023 నుంచి మన ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగి జావ ఇస్తున్నారు, మంచి పని. ప్రైవేటు బడికి పంపే మనం మాత్రం అదే చోళ్ల పిండిని రంగు డబ్బాలో చాక్లెట్ రుచితో వస్తే ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం. రాత్రి కాచి పెట్టుకున్న అంబలిలో పొద్దున్న మజ్జిగ, ఉప్పు కలిపితే రెండు నిమిషాల పని. దానితో ఒక ఉడికించిన గుడ్డు. పిల్ల ఏడింటికల్లా కడుపు నిండా తిని బయలుదేరుతుంది.

ఇనుము కోసం సజ్జలు, మన ఊళ్లలో గంటెలంటారు చూడండి, అవి మంచివి. ఉలవలు, నువ్వులు, ఆకుకూరలు. మాంసం, చేపలు తినే ఇళ్లలో ఇంకా తేలిక, వాటిలోని ఇనుము బాగా పడుతుంది. హార్బరు నుంచి వచ్చే నెత్తళ్లు చౌక. ముళ్లతో సహా తింటారు కాబట్టి కాల్షియం కూడా అందుతుంది. పప్పు, ఆకుకూర తినేటప్పుడు నిమ్మకాయ పిండండి, ఇనుము ఒంటికి పట్టడానికి అది చాలా సాయం చేస్తుంది. బెల్లం మీద మనకు నమ్మకం ఎక్కువ. అనకాపల్లి పక్కన ఉన్నవాళ్లం, ఉండడం సహజమే. కానీ బెల్లం ఒక్కదానితో రక్తం పట్టదు. అది తీపి, తీపిలాగే వాడండి.

ప్రభుత్వ బడుల్లో పెద్ద పిల్లలకు వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర, చిన్న తరగతుల వాళ్లకు గులాబీ రంగు మాత్ర ఇస్తారు. అన్నం తిన్నాక వేసుకోవాలి. మలం నల్లగా వస్తుంది, కంగారు పడి మానేయకండి. ఇంకొకటి, ఆగస్టు పదో తేదీ దగ్గర పడుతోంది. నులిపురుగుల మందు ఇచ్చే రోజు. ఫిబ్రవరి పదిన ఒకసారి, ఆగస్టు పదిన ఒకసారి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. నమిలి మింగాలి. ప్రైవేటు బడుల్లోనూ ఇస్తారు. "మా పిల్లకు పురుగులు లేవు" అని వద్దని చీటీ రాసి పంపే తల్లిదండ్రులు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. పురుగులు ఉన్న సంగతి చాలామంది పిల్లల్లో బయటకు కనపడదు, లోపల రక్తం పోతూనే ఉంటుంది. ఆ రోజు పిల్లకు జ్వరం ఉంటే మాత్రం ఆగి, తగ్గాక వేయించండి.

ఇప్పుడు వానాకాలం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాను, ఎందుకంటే రాబోయే నాలుగు నెలలూ డెంగీ రోజులు.

మూడేళ్ల కిందట మా అపార్టుమెంటులో ఒకే వారంలో ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చింది. అందరూ వీధి చివర మురుగు కాలువ మీద పడ్డారు. డెంగీ దోమ మురుగులో పుట్టదు, శుభ్రమైన నిలవ నీళ్లలో పుడుతుంది. ఒక ఆదివారం నలుగురం కలిసి టార్చిలైటు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. రెండో అంతస్తులో ఫ్రిజ్ కొంచెం ముందుకు జరిపి వెనక కింద ఉన్న పళ్లెం మీద వెలుగు వేశాం. వేలెడు లోతు నీళ్లు. పైకి ఏమీ లేనట్టే ఉంది. పళ్లెం కొంచెం కదిపితే, పైన తేలుతున్న సన్నటి దారపు పోగుల్లాంటివి వంకరలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. నిమిషం తర్వాత ఒక్కొక్కటే మళ్లీ పైకి వచ్చాయి, గాలి పీల్చుకోవడానికి. దోమ లార్వాలు. ఆ ఇంటావిడ రోజూ ఇల్లు రెండుసార్లు తుడిచే మనిషి. ఆవిడ ముఖం చూడలేకపోయాను. పై అంతస్తులో మనీప్లాంటు పెట్టిన సీసాలో కూడా ఉన్నాయి.

గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒక రోజు, శుక్రవారం, నీళ్లున్న పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని చెబుతారు. ఈ ఊళ్లో కొండవాలు కాలనీల్లో కుళాయి వచ్చిన కాసేపట్లోనే నీళ్లు పట్టి డ్రముల్లో దాచుకోక తప్పదు, నాకు తెలుసు. డ్రము ఖాళీ చేస్తే చాలదు. నీళ్ల అంచు దగ్గర గోడకు గుడ్లు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. మూత లేకపోతే పాత చీర కట్టండి. ఈ దోమ పగటి పూట కుడుతుంది. అంటే మీ పిల్లలు బడిలో, బెంచీ కింద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న సమయంలో. ఈ నాలుగు నెలలూ కాళ్లు నిండా కప్పే బట్టలు వేసుకోనివ్వాలని బడి వాళ్లను కోరుతున్నాను. వానలు తగ్గాక నిక్కర్లు, స్కర్టులు ఎలాగూ ఉంటాయి.

జ్వరం వస్తే పారాసిటమాల్ ఒక్కటే, పిల్ల బరువును బట్టి వైద్యులు చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి వెళ్లకండి, డెంగీ అయితే రక్తస్రావానికి దారితీస్తాయి. మందుల కొట్లో "తొందరగా తగ్గేది ఇవ్వండి" అని అడిగితే చాలాసార్లు అవే చేతిలో పెడతారు.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తు పెట్టుకోండి. డెంగీలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్నప్పటికంటే, మూడో రోజు తర్వాత జ్వరం తగ్గుతున్నప్పుడు ఎక్కువ. ఒళ్లు చల్లబడింది కదా అని తల్లి ఊపిరి పీల్చుకుంటుంది, పిల్ల మాత్రం మంచం దిగదు. అదే అసలు సమయం. ఒకటి రెండు రోజులు కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. ఆగని కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుంచి గాని చిగుళ్ల నుంచి గాని రక్తం, చేతులూ కాళ్లూ చల్లబడడం, పిలిస్తే మగతగా పలకడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకుపోండి. మన పెద్ద ప్రభుత్వాసుపత్రి కె.జి.హెచ్.లో పిల్లల విభాగం ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. అందరూ ప్లేట్‌లెట్ల లెక్క చుట్టూ తిరుగుతారు. నేను తల్లులను మొదట అడిగేది, పాప ఎప్పుడు మూత్రానికి వెళ్లింది అని. చూశారా, మళ్లీ ఆ బాటిల్ దగ్గరకే వచ్చాం.

వాంతులు, విరేచనాలకు ఓఆర్ఎస్ గురించి ఒక్క మాట. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం కలిపితే పాళ్లు తప్పి మేలు బదులు కీడు జరుగుతుంది. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని మందుల కొట్లో అమ్మిన తియ్యటి పళ్లరసం అట్టపెట్టెలు మీరు చూసే ఉంటారు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలను ఇంకా పెంచుతాయి. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల వైద్యురాలు దాని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది. మా వృత్తిలో ఉన్నవాళ్లందరం ఆవిడకు రుణపడి ఉన్నాం. మీరు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి.

నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల తల్లులు "నెలకోసారి జలుబు వస్తోందమ్మా, రోగనిరోధక శక్తి లేదా" అని అడుగుతుంటారు. మొదటిసారి బడికి వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. బరువు పెరుగుతూ, మధ్యలో చక్కగా ఆడుకుంటూ ఉంటే దిగులు పడకండి. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ అడగకండి. జ్వరం వస్తే మాత్రం, మందు వేయకుండా ఒక రోజంతా జ్వరం లేకుండా గడిచాకే బడికి పంపండి. ఆటలమ్మ పోసిన పిల్లలను పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా ఇంట్లో ఉంచండి. పొద్దున్న పారాసిటమాల్ వేసి పంపితే మధ్యాహ్నానికి జ్వరం మళ్లీ వస్తుంది, ఈలోగా పక్కనున్న నలుగురికీ అంటుతుంది. దీనికి తల్లిదండ్రులనే తప్పు పట్టను. చాలా బడుల్లో నూటికి నూరు హాజరు ఉన్నవాళ్లకు ఏడాది చివర బహుమతులు ఇస్తారు. జ్వరంతో బడికి వచ్చిన పిల్లకు కప్పు ఇస్తున్నామా మనం? ఈ బడిలో ఆ బహుమతి ఉంటే ఈ ఏడాది నుంచి ఆపేయాలని వేడుకుంటున్నాను.

నిద్ర సంగతికి వస్తానన్నాను. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది గంటల కంటే తక్కువ నిద్ర చాలదు. ఆ పైన పద్దెనిమిదేళ్ల దాకా కనీసం ఎనిమిది గంటలు. అయిదున్నరకు లేపాలంటే ఎనిమిదిన్నరకు దీపం ఆర్పాలి. ట్యూషన్ నుంచి ఎనిమిదింటికి వచ్చే పిల్లకు ఇది కుదరదు. కాబట్టి ఆ ట్యూషన్ ఎందుకో ఆలోచించండి. ఇంకో ఇబ్బంది ఈ ఊరికే ప్రత్యేకం. స్టీలుప్లాంటులో, పోర్టులో, డాక్‌యార్డులో షిఫ్టులు చేసే నాన్నలు ఇక్కడ చాలామంది ఉన్నారు. రెండో షిఫ్టు దిగి నాన్న ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర, పదకొండు. పిల్లలు అప్పటి దాకా మేలుకుని ఎదురు చూస్తారు. నాన్నను చూడకుండా పడుకోమని నేను చెప్పలేను. ఆ వారాల్లో పొద్దున్న గంట నాన్నకు అప్పగించండి. నిద్ర లేపడం, జడ వేయడం, పక్కన కూర్చుని తినిపించడం ఆయన చేస్తారు. అలా చేస్తున్న ఒక నాన్న, గాజువాక నుంచి వస్తారు, కూతురి జడలు నాకంటే బాగా వేస్తారు.

సెలవు రోజుల్లో తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కదా, తీసుకెళ్లండి. పిల్లలు రోజుకు గంటన్నర, రెండు గంటలు ఆరుబయట వెలుగులో గడిపితే దగ్గరి చూపు, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనపడే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుంది. మూడో తరగతిలోనే కళ్లద్దాలు పడుతున్న పిల్లలు ఎక్కువవుతున్నారు, ఫోను ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. ఆడుకునే పీరియడ్‌లో లెక్కలు చెప్పడం కూడా దానికి కారణమే.

త్వరగా రెండు విషయాలు. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం తెచ్చిన విధానం చెబుతోంది. పాతిక కిలోల పిల్లకు రెండున్నర కిలోలు. ఒకసారి కిరాణా కొట్లో తూయించండి. రెండోది, ఆరేళ్ల వయసులో పాలపళ్లన్నింటికీ వెనకగా, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు కొత్త దవడ పళ్లు వస్తాయి. అవి పాలపళ్లు అనుకుని, పుచ్చినా "ఎలాగూ ఊడిపోతుంది కదా" అని వదిలేస్తారు. ఊడవు. జీవితాంతం ఉండాల్సిన పళ్లు అవి. రాత్రి పడుకునే ముందు కూడా తోమించండి.

పొద్దున్న కడుపునొప్పి అనే పిల్లల్లో కొందరికి మలబద్ధకమూ ఉండదు, ఇంకేమీ ఉండదు. వాళ్లకు బడి అంటే భయం. ఎవరో ఏడిపిస్తున్నారు, ఎవరో కొడుతున్నారు, పరీక్ష అంటే వణుకు. వాళ్లను పడుకునే ముందు దీపం ఆర్పాక అడగండి, చీకట్లో పిల్లలు ఎక్కువ చెబుతారు. విని, వెంటనే "అంతేనా" అనకండి. మీకు ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోను చేయవచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

నాకిచ్చిన సమయం దాటిపోయింది, క్షమించండి. ఒక్క కోరిక మిగిలింది. మేడమ్ గారూ, మీరు అనుమతి ఇస్తే, నలుగురైదుగురు తల్లులు నాతో వస్తే, మన బడి మరుగుదొడ్లు ఒకసారి చూసి వద్దాం. మీరు తల ఊపారు, చాలా సంతోషం. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఎవరైనా ఇక్కడ ఉంటే వాళ్లనూ తీసుకువెళదాం. ఏ తలుపు పడదో వాళ్లకే తెలుసు. నా సంచిలో రెండు గడియలు, ఒక స్క్రూడ్రైవర్ ఉన్నాయి. వాన కొంచెం తెరిపి ఇచ్చినట్టుంది, పదండి.